సర్వర్ల ఇంటికి కొత్త కోడలు

జౌరేష్ గురించి మా కజక్ ఊరు కరగందలో ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు. మనిషి బంగారం, కానీ వేడుకకు పిలిస్తే రాదు. పిలవకపోతే మాత్రం ఏడాది పాటు మూతి ముడుచుకుని తిరుగుతుంది.

మావాళ్ళకు వేడుకలకేం కొదవ? బిడ్డ పుడితే ఒకటి, బిడ్డను ఊయల్లో వేస్తే ఒకటి, కోడలు గడప తొక్కితే ఒకటి, కుర్రాడు సైన్యం నుంచి తిరిగొస్తే ఒకటి. అన్నిటికీ జౌరేష్ తరఫున ఆమె భర్త సాపార్‌బెక్ ఒక్కడే వస్తాడు. "మా ఆవిడకు... సర్వర్లు..." అని నసుగుతాడు పాపం. ఆ ఒక్క మాటకే అందరూ అర్థమైనట్టు తలలూపి, ఆమె వాటా మాంసం కూడా ఆయన కంచంలోనే వడ్డిస్తారు. అలా ఇన్నేళ్ళలో ఆయన పీపాలా తయారయ్యాడు, ఆమె పుల్లలా మిగిలిపోయింది.

ఇంతకీ ఆ సర్వర్ల గొడవేమిటంటే, జౌరేష్ బస్సు టిక్కెట్లమ్మే కంపెనీలో పనిచేస్తుంది. దేశంలో ఎవరు ఏ ఊరికి బస్సెక్కాలన్నా ఆ కంపెనీ కంప్యూటర్లు టిక్కెట్టివ్వాలి. స్టాండులోంచి బస్సు కదలాలన్నా అవే చీటీ అచ్చువేయాలి. ఆ కంప్యూటర్లనే సర్వర్లంటారు. ఓ చల్లటి గదిలో వరసగా నిలబడి గుయ్యిమంటుంటాయి. వాటిలో పనిచేసే ప్రోగ్రాములు ఒక్కొక్కటీ తన మూటాముల్లే కట్టుకుని ఓ డబ్బాలో కూర్చుంటుంది. ఆ డబ్బాలే కంటైనర్లు. ఏ సర్వర్లో దించినా మూట విప్పుకుని పని మొదలెట్టేస్తాయి. లేచి పొమ్మంటే మూట కట్టుకుని పక్క సర్వర్‌కు పోతాయి. జౌరేష్ లెక్కలో సర్వర్లు ఇళ్ళు, కంటైనర్లు ఆ ఇళ్ళకు వచ్చిన చుట్టాలు.

ఇల్లన్నాక మరమ్మతు తప్పదు. ఎక్కడో ఎవడో దొంగ దూరే కంత ఒకటి కనిపెడతాడు, దాన్ని పూడ్చాలి. పూడ్చాక సర్వర్‌ను ఓసారి పడుకోబెట్టి లేపాలి. చుట్టాలు లోపల టీ తాగుతుంటే ఇంటి పైకప్పు విప్పలేం కదా! అందుకని జౌరేష్ ముందు ఆ ఇంటి గుమ్మానికి 'కొత్తవాళ్ళు రావద్దు' అని ఓ బోర్డు కడుతుంది. తర్వాత లోపలున్న వాళ్ళను ఒక్కొక్కరినీ బతిమాలి పక్కిళ్ళకు సాగనంపుతుంది. ఇల్లు ఖాళీ అయ్యాక కంత పూడ్చి, పడుకోబెట్టి, లేపి, బోర్డు తీసి, రెండో ఇంటికి పోతుంది. మళ్ళీ బోర్డు, మళ్ళీ బతిమాలడం. ఆఖరి ఇల్లు ముగిసేసరికి ఇంకెవడో ఇంకో కంత కనిపెట్టే ఉంటాడు.

ఇళ్ళన్నిటికీ ఆమె వరసలు కలిపేసుకుంది. అన్నిటికన్నా పాతది పెద్దిల్లు. తర్వాతది మేనమామ ఇల్లు, ఎంతమందిని పంపినా కాదనదు. వియ్యపురాలి ఇల్లు ఒకటుంది. పడుకోబెడితే అలుగుతుంది, ఓ పట్టాన లేవదు, దాని మానాన దాన్ని వదిలేస్తే కాసేపటికి తనే లేస్తుంది. చిట్టచివరిది చిన్నోడి ఇల్లు. ఏ ఇంటికి ఏ మర్యాద చెయ్యాలో జౌరేష్‌కు తప్ప ఎవరికీ తెలియదు. తెలియనివ్వదు కూడా.

ఆ సర్వర్ల విభాగానికి పెద్ద ఎమ్మా. తరాలుగా మా ఊళ్ళోనే స్థిరపడిన జర్మన్ల ఆడపడుచు. కజక్ తిట్లు మాకన్నా సొంపుగా తిడుతుంది. ఇద్దరిదీ ఒకే ఈడు, కాలేజీ నాటి స్నేహం.

"ఏమే జౌరా," అనేది ఎమ్మా, "గుర్రాల మందను కాసేవాడు కూడా ఈ రోజుల్లో మోటారు సైకిలెక్కి కాస్తున్నాడు. నువ్వింకా ఒక్కోదాన్ని చెవి పట్టుకుని నడిపిస్తున్నావు. ఆ చేసేదేదో ఓ ప్రోగ్రాం రాసి పారెయ్. అదే చేసుకుంటుంది."

"ప్రోగ్రాంకి మర్యాద తెలుస్తుందా?"

"నువ్వే నేర్పు."

"నేర్పితే వచ్చేదైతే నీకెప్పుడో వచ్చుండేది," అని జౌరేష్ మళ్ళీ బోర్డు కట్టుకోవడానికి పోయేది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆమె మొండితనం అలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, కర్కరాలీలో ఉన్న కూతురు మొల్దీర్ ఓ రోజు ఫోన్ చేసి, పిల్లాడు అడుగులు వేస్తున్నాడని చెప్పింది. పిల్లాడు అంటే తైమాస్, జౌరేష్‌కు మొదటి మనవడు.

బిడ్డ తొలి అడుగులు వేశాక, గుర్రానికి ముందరికాళ్ళ బంధం వేసినట్టు, నలుపూ తెలుపూ పేనిన తాడుతో కాళ్ళు రెండూ కడతాం. ఒకరొచ్చి ఆ తాడు కోస్తారు. కోసినవాళ్ళ నడకే బిడ్డకు వస్తుంది. అందుకే పెళ్లి సంబంధం చూసినట్టు ఏరి ఏరి మనిషిని ఎంచుతారు.

"అమ్మా, తాడు నువ్వే కొయ్యాలి," అంది మొల్దీర్.

జౌరేష్ నోరు తెరిచేలోగా ఫోన్ చేతులు మారింది. అవతల పిల్లాడి నానమ్మ కుల్‌జిపా. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరినొకరు కుదగీ అని పిలుచుకుంటారు, ఎంత తీపిగా పిలిస్తే అంత కారం వెనకాల ఉందన్నమాట.

"కుదగీ, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి," అంది కుల్‌జిపా. అనుకోవాలనే అంటారు ఆ మాట. "బిడ్డ పుట్టినప్పుడు రాలేదు. ఊయల్లో వేసినప్పుడూ రాలేదు. మీకు అక్కడ ఇనప మనవలు బోలెడంతమంది ఉన్నారాయె! మా వాడి తాడు మీరు కోస్తే, వాడు బతుకంతా కుర్చీకి అతుక్కుపోతాడేమోనని నా భయం. మా అక్క రబిగా ఉందిగా, ఆవిడ చేత కోయించేస్తాలెండి."

రబిగా సంగతి కర్కరాలీ అంతటికీ తెలుసు. బజారుకని బయల్దేరితే బజారు మూసే వేళకు చేరుకుంటుంది.

"మీ అక్కా! ఆవిడ కోస్తే వాడు బడికెళ్ళేది గడ్డమొచ్చాకే," అంది జౌరేష్. "నేనొస్తున్నాను. శనివారం మధ్యాహ్నం భోజనాల వేళకు మీ వాకిట్లో ఉంటాను. రాకపోతే నన్నింకెప్పుడూ కుదగీ అనకండి."

"అనను. రాకపోతే అననే అనను," అంది కుల్‌జిపా చాలా సంతోషంగా.

ఫోన్ పెట్టేశాక జౌరేష్‌కు కళ్ళనీళ్ళు తిరిగాయి. కుల్‌జిపా మీద కోపం కాదు. ఆవిడన్నది నిజమైనందుకు. మనవణ్ణి ఆమె ఫోన్ తెర మీద చూడటమే గానీ, ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది లేదు. వాడికి అమ్మమ్మంటే నుదురూ ముక్కూ మాత్రమే. ఈసారి కూడా పోకపోతే ఇక ఏ మొహం పెట్టుకుని పోతుంది?

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఆ వారమే కంత బయటపడింది. అలాంటిలాంటిది కాదు, సింహద్వారమంత కంత.

"శనివారం సాయంత్రానికల్లా అన్ని ఇళ్ళూ పూడ్చి తీరాలట," అంది ఎమ్మా. "డైరెక్టరు నా తల తింటున్నాడు. చేత్తో చేస్తే ఆదివారం కూడా చాలదు. ఇప్పుడైనా రాస్తావా, లేక ఈసారి కూడా సాపార్‌బెక్‌నే పంపిస్తావా?"

జౌరేష్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "రాస్తాను."

రాయడం మొదలెట్టాక ఆమెకు హుషారొచ్చింది. ఆమెకు కొడుకుల్లేరు. కోడలొచ్చి టీ పోస్తే కాలు మీద కాలేసుకుని తాగే యోగం లేదని లోపల్లోపల ఓ వెలితి ఉండేది. మా ఇళ్ళలో చుట్టాలను లోపలికి తెచ్చేదీ సాగనంపేదీ కోడలే కాబట్టి, ఆ ప్రోగ్రాంకి కోడలనే పేరు పెట్టింది. అత్త హోదా రాగానే అత్త బుద్ధులూ వచ్చాయి. ఎవరినీ మెడపట్టి గెంటకూడదు, చెప్పి, టీ తాగేదాకా ఆగి, అప్పుడు లేపాలి అని నేర్పింది. పెద్దలు ముందు, పిన్నలు తర్వాత, కాబట్టి మరమ్మతు పెద్దింటితో మొదలెట్టాలి అని నేర్పింది. ఏ ఇంటికైనా అప్పటికే బోర్డు కట్టుంటే అక్కడ ఇంకెవరో పనిచేస్తున్నారని అర్థం, ఒకరి పనిలో వేలు పెట్టడం మన ఇంటా వంటా లేదు, దాన్ని వదిలేసి తర్వాతి ఇంటికి పోవాలి అని కూడా నేర్పింది.

"అన్నీ బానే ఉన్నాయి," అంది ఎమ్మా ఆమె భుజం మీద నుంచి తొంగి చూసి. "ఒకేసారి ఎన్ని ఇళ్ళు మూయొచ్చో చెప్పావా?"

"కోడలు ఒక్కతే కదే. ఒకటి అయ్యాకే ఇంకొకటి. ప్రత్యేకించి చెప్పాలా?"

"సరే. ఇంతకీ ఈ కోడలి కాపురం ఎక్కడ?"

"ఎక్కడేంటే పిచ్చిదానా! కొత్త కోడలు పెద్దింట్లో ఉండక ఎక్కడుంటుంది? పెద్దిల్లు మూసుంటే దాని తర్వాతి పెద్దింట్లో. వీధిలో పడుకోబెడితే ఊరు నవ్వదూ?"

ఎమ్మాకు కూడా అది సబబుగానే తోచింది. వేరే ఊరివాడెవడైనా అయితే అక్కడాగి తల గోక్కునేవాడే. ఇద్దరూ ఈ నేల మీద పుట్టి పెరిగినవాళ్ళు, కొత్త కోడలు పెద్దింట్లో ఉండటంలో వాళ్ళకు తప్పేం కనిపిస్తుంది?

శుక్రవారం చిన్నోడి ఇంటి మీద కోడల్ని పరీక్షించారు. పెద్దింట్లో కూర్చున్న కోడలు చిన్నోడి గుమ్మానికి బోర్డు కట్టింది, చుట్టాలను సాగనంపింది, కంత పూడ్చింది, పడుకోబెట్టింది, లేపింది, బోర్డు తీసింది. ఒక్క టిక్కెట్టు ఆగలేదు. "నా బంగారు తల్లీ!" అని జౌరేష్ తెరను ముద్దు పెట్టుకుంది. అత్తలందరూ మొదటి రోజు అలాగే అంటారు.

శనివారం పొద్దున్నే కోడల్ని పనిలోకి దించి, బస్సుకు బయల్దేరుతూ తన కుర్చీలో ఎమ్మాను కూర్చోబెట్టింది. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం అదే మొదలు.

"చూస్తూ ఉండు. దేన్నీ ముట్టుకోకు."

"తేడా వస్తే?"

"నాకు ఫోన్ చెయ్యి. అప్పుడు కూడా ముట్టుకోకు."

"నీ కుర్చీని ముట్టుకోవచ్చా తల్లీ? ఆల్రెడీ కూర్చున్నాను," అంది ఎమ్మా.

సాపార్‌బెక్ ముందు రోజే బహుమతులతో వెళ్ళాడు. జౌరేష్ కిటికీ పక్కన కూర్చుని, ఫోన్‌ను సంచీ అడుగున కండువాలూ స్వెటర్ల కింద పాతిపెట్టి, దారి మధ్యలోని స్టాండు వచ్చేదాకా చూడనని ఒట్టు పెట్టుకుంది. స్టెపీ మైదానం మీద గడ్డి పచ్చగా ఊగుతోంది. ఆమెకు అదేమీ కనబడలేదు. పక్కన రొట్టెల సంచీ పెట్టుకున్న ఒక ముసలావిడ కూర్చుంది, ఊపిరి తీసుకోకుండా కబుర్లు చెబుతోంది. అవీ వినబడలేదు. తైమాస్ తనను చూసి ఏడుస్తాడా, రానిస్తాడా అన్నదే ఆలోచన.

మధ్య స్టాండులో బస్సాగింది. టీ తాగారు, కాళ్ళు సాగదీసుకున్నారు. బస్సు మాత్రం కదల్లేదు. ముందొచ్చిన బస్సులు కూడా అక్కడే బారులు తీరి ఉన్నాయి.

"ఏమైందమ్మా?" అని డ్రైవరు కిటికీలోని అమ్మాయిని అడిగాడు.

"చీటీ రావట్లేదన్నా. కంప్యూటర్ పడిపోయింది. దేశమంతా పడిపోయిందట. చీటీ లేకుండా బస్సు వదిలితే నా ఉద్యోగం పోతుంది."

జౌరేష్ చేతిలో టీ ఒలికింది.

గుంపు కిటికీ మీదకు విరుచుకుపడింది. పెళ్లికి పోయేవాడొకడు, ఆస్పత్రికి పోయేవాడొకడు, ఊరికే తిట్టడానికి వచ్చినవాళ్ళు మిగతావాళ్ళు. ముసలావిడ రొట్టెల సంచీ గుండెకు హత్తుకుని, "ఈ కంప్యూటర్లు చూసేవాడెవడో గానీ, వాడి టీలో రోజూ ఈగ పడాలి!" అని శపించింది.

"పడాలి," అంది జౌరేష్ తేలు కుట్టిన దొంగలా.

సంచీ అడుగు నుంచి ఫోన్ తవ్వి తీస్తే, ఎమ్మా అప్పటికే ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. గాలికి ఏమీ వినబడక, స్పీకర్ పెట్టి ఓ మూలకు పోయింది.

"జౌరా! ఏ లోకంలో ఉన్నావే? అన్ని ఇళ్ళకూ బోర్డులు కట్టి ఉన్నాయి! చుట్టాలంతా వీధిలో ఉన్నారు!"

"ఎవరు కట్టారు?"

"ఇంకెవరు, నీ బంగారు తల్లే! ముందు పెద్దింటికి కట్టింది. అందరినీ సాగనంపింది. తను కూడా ఆ ఇంట్లోదే కదా, ఆఖర్న తనూ మూట కట్టుకుని వెళ్ళిపోయింది. కంత పూడ్చనే లేదు. పోయి మేనమామ ఇంట్లో తేలింది. అక్కణ్ణించి చూస్తే పెద్దింటికి బోర్డు కనబడింది. 'ఎవరో పనిచేస్తున్నారు, మనకెందుకు' అనుకుని మేనమామ ఇల్లు ఖాళీ చేయించడం మొదలెట్టింది. మళ్ళీ తనూ ఖాళీ. అలా ఇల్లిల్లూ తిరిగింది."

"ఆ బోర్డు కట్టింది తనే కదే!"

"ఇల్లు మారేసరికి మర్చిపోయింది. గుర్తుపెట్టుకోమని అత్తగారు చెప్పలేదట."

"అదంతా జరుగుతుంటే నువ్వు చూస్తూ కూర్చున్నావా?"

"ముట్టుకోవద్దన్నావుగా! నీ పద్ధతేమో అనుకున్నాను. నీ పద్ధతులు ఎవరికి తెలుసు గనక? ఆఖరికి కంగారులో ఒకదాన్ని ముట్టుకున్నాను. దాంతో వియ్యపురాలు పడిపోయింది, ఎంత లేపినా లేవట్లేదు!"

పక్కనే ముసలావిడ చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అయ్యో అయ్యో! వియ్యపురాలు పడిపోయిందా?"

"దానికలవాటే," అంది జౌరేష్ ఫోన్‌లోకి. "దాన్ని ముట్టుకోకు, అలా వదిలెయ్, కాసేపటికి అదే లేస్తుంది."

ముసలావిడ రెండడుగులు వెనక్కు వేసి, ఆమెను పైనుంచి కింద దాకా చూసింది.

"ఇంకోటి విను," అంది ఎమ్మా, గొంతు తగ్గించి. "డైరెక్టరు నీకోసం కారు పంపిస్తానంటున్నాడు. వెనక్కి వచ్చేసి నువ్వే సరిచేసుకోమంటున్నాడు. ఊఁ అంటే బయల్దేరుతుంది."

జౌరేష్ కాళ్ళు అలవాటు కొద్దీ అప్పుడే కరగంద వైపు తిరిగాయి. కారెక్కితే సాయంత్రానికి ఇళ్ళన్నీ చక్కబడతాయి, అందరూ అమ్మయ్య అనుకుంటారు, ఇంకోసారి ఆమె లేనిదే ఏదీ నడవదని రుజువవుతుంది. ఇన్నేళ్ళూ ఆమె ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది ఆ గర్వమే. ఇవాళ ఆ గర్వానికి మూల్యం తైమాస్ తాడు. అక్కడ రబిగా చేతికి కత్తి ఇస్తారు, కుల్‌జిపా ఇంక కుదగీ అనదు, మొల్దీర్ ఏమీ అనదు.

"కారొద్దు," అంది. "నువ్వే కూర్చుని చెయ్యి. నేను చెప్తాను."

"నన్ను ముట్టుకోమంటున్నావా?"

"ముట్టుకోవే బాబూ! అన్నీ ముట్టుకో! ముందు కోడల్ని ఆ ఇళ్ళలో దేన్లోనూ అడుగు పెట్టనివ్వకు. నా బల్ల మీద కంప్యూటరుందే, దాన్లో పెట్టు. అది ఈ ఇళ్ళ వరసలోది కాదు, దాన్నెవరూ ఖాళీ చేయించరు. దాని పుట్టిల్లనుకో."

"ఏంటేంటి? కోడలు పుట్టింట్లో కూర్చుని అత్తారింటిని చక్కదిద్దుతుందా? ఈ మాట నీ నోటంట వస్తోందా?"

"వస్తోంది! ఇల్లు ఖాళీ చేయించాల్సిన మనిషిని ఆ ఇంట్లోనే కాపురం పెట్టించాను, నాకు బుద్ధి లేదు, సరేనా? పంపు, ఇప్పుడే కోడల్ని పుట్టింటికి పంపు!"

ఇక ముసలావిడ ఆగలేకపోయింది. "సిగ్గుందా అమ్మా నీకు? అక్కడ వియ్యపురాలు నేల మీద పడుంటే ముట్టుకోవద్దంటావు! పైగా కోడల్ని పుట్టింటికి తరిమేస్తున్నావు! ఆ పిల్ల ఏం పాపం చేసిందే?"

గుంపు ఇటు తిరిగింది. పెళ్లికి పోయేవాడు పెదవి విరిచాడు. జౌరేష్ అసలు సంగతి చెబితే ఆ కంప్యూటర్లు చూసే మనిషి తనేనని తేలిపోతుంది. ఈ గుంపులో ఆ మనిషిగా దొరికిపోవడం కన్నా చెడ్డ అత్తగా ఉండటమే ఒంటికి క్షేమం.

"అది పనికిమాలిన పిల్ల పెద్దమ్మా," అంది తల వంచుకుని. "ఇంట్లోవాళ్ళందర్నీ వీధిలో నిలబెట్టింది."

"నేర్పాల్సింది నువ్వు కాదూ?"

"నేనే," అంది జౌరేష్. ఆ మాట మాత్రం మనస్ఫూర్తిగా అంది.

ఆ తర్వాత ఓ మూల గోడ వైపు తిరిగి, ఎమ్మాకు ఒక్కొక్కటే చెప్పింది. ఒక ఇంటికి బోర్డు ఉండగా రెండో ఇంటికి కట్టకూడదని కోడలికి కొత్త మాట నేర్పించింది. కట్టిన బోర్డు తనదో పరాయిదో గుర్తుండేలా దాని మీద కోడలి పేరు రాయించింది. తర్వాత బోర్డులన్నీ తీయించింది. ఏ ఇంటికి ఏ మర్యాదో, ఎవరికి తొందర పనికిరాదో, ఎవరిని ముందు లేపాలో, ఇన్నేళ్ళూ గుండెల్లో పెట్టుకున్నదంతా ఆ స్టాండు గోడకు చెప్పినట్టు చెప్పేసింది. చెబుతుంటే నగలు ఒక్కొక్కటే తీసి ఇస్తున్నట్టు బాధేసింది. ఎమ్మా ఒక్క వెటకారం కూడా ఆడకుండా, "ఊఁ, అయింది, తర్వాత?" అంటూ చేసుకుపోయింది.

"వచ్చింది!" అని కిటికీలో అమ్మాయి అరిచింది. చీటీలు కరకరా అచ్చయ్యాయి. డ్రైవర్లు హారన్లు కొట్టారు. బస్సు కదిలాక ముసలావిడ మళ్ళీ పక్కనే కూర్చుని, కోడలిని ఎలా చూసుకోవాలో కర్కరాలీ దాకా పాఠం చెప్పింది. జౌరేష్ కూడా బుద్ధిగా విన్నది. దిగేముందు ఆవిడ ఒక రొట్టె చేతిలో పెట్టి, "కోడలికివ్వు. అత్తలు మారతారని చెప్పు," అంది.

భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయింది.

కుల్‌జిపా వాకిట్లో చుట్టాలు ఇక ఆగే స్థితిలో లేరు. లోపల మాంసం ఉడికి ఉడికి ఎముక వదిలేస్తోంది. కాళ్ళకు తాడు కట్టించుకున్న తైమాస్, ఈ లోకంలో న్యాయం లేదన్నట్టు ఆకాశం వైపు చూసి ఏడుస్తున్నాడు. సాపార్‌బెక్ తన అలవాటు కొద్దీ "సర్వర్లు..." అని మొదలెట్టాడు. "తెలుసు అన్నయ్యగారూ," అని కుల్‌జిపా చేతిలో కత్తి పట్టుకుని, "అక్కా, నువ్వు లే," అంది.

రబిగా లేవడం మొదలెట్టింది. ముందు టీ గిన్నె పక్కన పెట్టింది. కండువా విప్పి మళ్ళీ కట్టుకుంది. ఒక మోకాలు లేచింది. రెండో మోకాలిని సంప్రదించింది. అది ఒప్పుకునేలోగా వీధి చివర కుక్కలు మొరిగాయి.

జౌరేష్ పరుగెత్తుకొస్తోంది. కండువా మెడలోకి జారిపోయింది, కొత్త బూట్లు చేతిలో ఉన్నాయి, చంకలో రొట్టె, వెనకాల వీధి కుక్కలన్నీ. యాభై దాటిన మనిషి, పెళ్లినాడు కూడా ఎవరూ పరుగు చూడని మనిషి, మేకపిల్లలా కాలువ దూకి గేటులోకి వచ్చిపడింది. సాపార్‌బెక్ నోరు వెళ్ళబెట్టాడు.

కుల్‌జిపా ఆమె వంక చూసింది. మట్టికొట్టుకుపోయిన మేజోళ్ళు చూసింది.

"అక్కా, కూర్చో," అంది.

"ఇప్పుడేగా లేచాను!" అంది రబిగా.

"కొయ్యండి కుదగీ," అని కుల్‌జిపా కత్తి అందించింది. "ఊపిరి తర్వాత తీసుకుందురుగాని."

జౌరేష్ మోకాళ్ళ మీద కూలబడి, తాడు కోసింది. తైమాస్ ఏడుపాపి కాళ్ళు చూసుకున్నాడు. ఆమెను చూశాడు. ఓ చెయ్యి అమ్మమ్మ, ఓ చెయ్యి నానమ్మ పట్టుకుంటే రెండడుగులు వేశాడు, మూడో అడుగుకు ఇద్దరినీ విదిలించేసుకుని కుక్కల వైపు పోయాడు. వాకిలంతా గొల్లున నవ్వింది. జౌరేష్ ఏడ్చేసింది. ఈసారి ఎవరికీ కనబడకుండా తుడుచుకోవాలని కూడా అనుకోలేదు.

మాంసం అయ్యింది, టీ నడుస్తోంది. ఫోన్ మోగలేదు. జౌరేష్ దాన్ని తొడ మీద పెట్టుకుంది, తిరగేసి పెట్టింది, మళ్ళీ తిప్పింది. ఇక ఉండబట్టలేక తనే చేసింది.

"అన్నీ అయ్యాయా?"

"ఎప్పుడో," అంది ఎమ్మా. నోట్లో ఏదో నములుతోంది. "కోడలు నీ బల్ల మీద కూర్చుని ఒక్కో ఇల్లూ మూసి, తెరిచి, ముగించేసింది. గట్టి పిల్లే."

"వియ్యపురాలు?"

"వదిలేశాను, తనే లేచింది."

"పెద్దిల్లు?"

"అదీ లేచింది."

జౌరేష్ ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "నా గురించేమైనా... అడిగారా?"

"లేదే," అంది ఎమ్మా మెల్లగా. "ఎవరూ అడగలేదు."

మంచిమాటే అది. దానికోసమేగా ఇంత చేసింది. అయినా ఆమెకు ఎక్కడో కలుక్కుమంది. తను లేకుండా నడిచిపోయింది, ఒక్కరికైనా తను గుర్తు రాలేదు. ఏదో అనబోయింది.

"అమ్మా!" అని వాకిట్లోంచి మొల్దీర్ కేక పెట్టింది. "వాడు గేటు దాటేశాడు, పట్టుకో!"

ఫోన్ భోజనాలకు పరిచిన గుడ్డ మీద వదిలేసి జౌరేష్ ఉత్త కాళ్ళతో పరుగెత్తింది. "జౌరా? ఓయ్ జౌరా, ఉన్నావా?" అని అది అక్కడే అరుస్తోంది. టీ పోస్తున్న కుల్‌జిపా కాసేపు విని, చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసింది.

"లేదమ్మా," అంది. "మా కుదగీ పనిలో ఉంది."